కీ.శే. సాంబయ్య

నేను చచ్చిపోయిన సంగతి నాకు ఏప్రిల్ నెలలో ఒక మిట్టమధ్యాహ్నం, ఉప్పల్‌లోని మా ప్రెస్సులో తెలిసింది. అప్పుడే టీ తాగి కూర్చున్నాను.

మా ప్రెస్సంటే నాది కాదు. సత్యనారాయణమూర్తి గారిది. గోదావరి వైపు మనిషి. నాచారం ఫ్యాక్టరీల బిల్లు పుస్తకాలు, ట్యూషన్ల కరపత్రాలు, ఉద్యమం ఊపందుకున్నాక బందుల పాంప్లెట్లు, ఏడాది పొడుగునా పెళ్లికార్డులు వేస్తాం. నేను ఒకప్పుడు సీసం అక్షరాలు పేర్చిన కంపోజిటర్ని. కంప్యూటర్లు వచ్చి ఆ పని పోయాక ప్రూఫులు దిద్దే పనిలో మిగిలాను. ఇందులో నన్ను మించినవాడు రామంతాపూర్ నుంచి నారపల్లి దాకా లేడు. గొప్పలు కాదు, నిజం. లోకంలో అందరి తప్పులూ నీకు కనబడతాయి, నీవి తప్ప, అని సాలమ్మ అనేది.

సాలమ్మ నా భార్య. తొమ్మిదేళ్ల కింద, నేను పనిచేసే పాత ప్రెస్సు మూతబడిన ఏడు, ఆమెనూ పన్నెండేళ్ల కూతురినీ నాచారంలో అద్దె గదిలో వదిలేసి, అన్నోజిగూడలో హోటలు నడిపే తారామణి దగ్గరికి వెళ్లిపోయాను. సాలమ్మకు కడుపు ఆపరేషనైనప్పుడు దవాఖానా నుంచి కబురొచ్చింది. రేపు పోదాం, ఎల్లుండి పోదాం అనుకుంటూనే ఉన్నాను. సిగ్గున్నవాడైతే ఆ రోజే పోయేవాడు. తర్వాత తారామణి కూడా నన్ను వెళ్లగొట్టింది. రెంటికీ చెడ్డ రేవడి అంటే అచ్చంగా నేనే.

ఆ మధ్యాహ్నం కంప్యూటర్ దగ్గర కూర్చునే ఆమని ఒక పెళ్లికార్డు ప్రూఫు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. ఎర్రపెన్ను తీశాను. ముందు తేదీ, వారం చూడటం నా అలవాటు. మే 11, గురువారం అని ఉంది. గోడమీది క్యాలెండర్లో చూస్తే బుధవారం. సున్నా చుట్టాను. ఎవరి తప్పయినా దొరికితే నాకు లోపల కాస్త సంబరం. తర్వాత పేర్లకు వచ్చాను.

చి.ల.సౌ. హిమజ. శ్రీమతి సాలమ్మ, కీ.శే. సాంబయ్య గార్ల ఏకైక పుత్రిక. ఆహ్వానించువారు, మేనమామ బిక్షపతి.

ఎవరో ఇంకో సాంబయ్య అనుకుందామంటే బిక్షపతి నా బామ్మర్దే. తలెత్తాను. కౌంటరు అవతల స్టూలు మీద ఒక అమ్మాయి కూర్చుని నన్నే చూస్తోంది. ముక్కు సాలమ్మది. కోపం నాది.

"తప్పులేమన్న ఉన్నయా?" అంది.

"వారం తప్పుంది."

"ఇంకా?"

"ఇంకోటుంది. నేను బతికే ఉన్న గద బిడ్డా."

"మీరు గట్లనే అంటరని అమ్మ చెప్పింది."

మా ఇళ్లల్లో తండ్రిని ఎవరూ మీరు అనరు. ముక్కూ మొహం తెలియనివాళ్లను అంటారు. నాకు రోషం పొడుచుకొచ్చింది. "బతికున్నోనికి కీశే పెడ్తరా? ఉప్పల్ల ఇన్ని ప్రెస్సులుండంగ ఈడికే తెచ్చినవేంది? నా మొహాన కొట్టనీకా?"

ఆమె గొంతు పెంచలేదు. "కొట్టనీకి రాలే. పిలగానోళ్లకు నాయిన లేడని చెప్పినం. సచ్చిపోయిండంటే అయ్యో అంటరు. ఇడిసిపెట్టి పోయిండంటే, నువ్వేం జేసినవని అమ్మనడుగుతరు. తొమ్మిదేండ్ల సంది అడుగుతనే ఉన్నరు. నా పెండ్లిల గూడ అడగాల్నా?"

నేను ఒక తెలివితక్కువ ప్రశ్న వేశాను. "మరి అమ్మ మెట్టెలు?"

"ఆపరేషన్‌కు తియ్యమన్నరు, తీసింది. మల్ల పెట్టుకోలే."

"పిలగాని కాళ్లెవరు కడుగుతరు?"

"బిక్షపతి మామ, అత్త."

తొమ్మిదేళ్లలో ఒక్క పండక్కి గౌను ముక్క కూడా పంపనివాణ్ణి. అయినా కూతురి పెళ్లిలో పీటల మీద కూర్చుని అల్లుడి కాళ్లు కడిగే పని మాత్రం నాదేనని, ఎప్పుడో ఒకప్పుడు పిలుస్తారని నమ్ముకుని ఉన్నాను. ఎవరెవరివో పెళ్లికార్డులు దిద్దుతున్నప్పుడల్లా, ఒకరోజు నా పేరు కూడా నా బల్ల మీదికి వస్తుందనుకునేవాణ్ణి. పేరైతే వచ్చింది.

"మరి నాకెందుకు సూపిస్తున్నవు?"

"మీరీడ పనిజేస్తరని మామ చెప్పిండు. ఎవ్వరి దగ్గరనో కార్డు సూసి, బిడ్డ పెండ్లని వస్తరేమోనని మాకు భయం. సచ్చిపోయినాయన పీటల కాడికొస్తే మా అమ్మ తలకాయ ఏడ వెట్టుకోవాలె? అందుకే చెప్పిపోదామనొచ్చిన. సంతకం మీరే పెట్టున్రి."

ప్రూఫు కింద సంతకం పెట్టాక మార్పులు చేయబడవు అని మా గోడమీద రాసి ఉంటుంది. రాయించింది నేనే. ఒక మేనత్త పేరు పడలేదని ఒకాయన ప్రెస్సు మీదికి గొడవకొచ్చినప్పటి నుంచి, సంతకం లేనిదే నేను అచ్చుకు ప్లేటు చేయనివ్వను. సంతకం పెడితే, అంతా చూశాను, సరే అన్నాను, ఇక నోరెత్తను అని.

"సంతకం కార్డు ఏయించుకునే గిరాకీ పెట్టాలె, నేను గాదు."

ఆమె కీ.శే. మీద వేలు పెట్టింది. "ఈ ముక్కకు మీ సంతకమే కావాలె."

"ఏమిటయ్యా సాంబయ్యా, గొడవా?" అని లోపల్నుంచి మూర్తిగారు అడిగారు.

"ఏం లేదు సార్. వారం తప్పుపడింది."

ఎర్రపెన్నుతో ఆ రెండక్షరాలు కొట్టేయడం నాకు అర నిమిషం పని. పెన్ను అక్కడే ఆగింది కూడా. అప్పుడు చూశాను, అంత ధైర్యంగా మాట్లాడిన పిల్ల కౌంటరు అంచును రెండు చేతులా పట్టుకుని పెన్ను మొననే చూస్తోంది. నేను మళ్లీ పాడుచేస్తానని భయం. కన్నబిడ్డ నన్ను చూసి అట్లా భయపడుతుంటే నా మీద నాకే అసహ్యం వేసింది. కింద, సాంబయ్య, అని సంతకం పెట్టాను.

హిమజ లేచి, ప్రూఫు ఆమనికిచ్చి, నాతో "బుధవారమే కద, పక్కానా?" అంది.

"పక్కా బిడ్డా."

రెండ్రోజులకు కార్డులు తయారయ్యాయి. పైకార్డుకు నాలుగు మూలలా పసుపు రాసి ఇవ్వడం మా ప్రెస్సు ఆనవాయితీ, అదీ నా పనే. చచ్చినవాడు రాస్తే మంచిది కాదని ఆమనితో రాయించాను. పెళ్లిరోజు పనికి వచ్చి సాయంత్రం దాకా బిల్లు పుస్తకాల నంబర్లు చూశాను.

మేం వేసిన ప్రతి కార్డూ ఒకటి ఆల్బంలో అతికిస్తాం. గిరాకీలు అందులో చూసి ఎంచుకుంటారు. జూన్‌లో నారపల్లి నుంచి దయాకర్ అనే కుర్రాడు చెల్లెలి పెళ్లికార్డుకు వచ్చి, పేజీలు తిప్పుతూ హిమజ కార్డు దగ్గర ఆగాడు. "గిది మస్తుందన్నా. పేర్లు మార్చి గిట్లనే ఎయ్యిన్రి."

ఆమని పాత ఫైలు తెరిచి పేర్లు మార్చింది. ప్రూఫు నా బల్ల మీదికి వచ్చింది. తేదీ, వారం సరిగ్గానే ఉన్నాయి. తండ్రి పేరు ముందు పాత కీ.శే. అట్లాగే ఉండిపోయింది.

భుజం మీద నుంచి చూసిన దయాకర్ అదిరిపడ్డాడు. "అయ్యో, ఏందన్నా ఇది! మా బాపు బతికే ఉన్నడు. గదిగో, బయట బండి మీద కూసున్నడు సూడు."

చూశాను. తలకు తువ్వాలు చుట్టుకున్న పెద్దమనిషి పల్లీలు వలుచుకుని తింటున్నాడు. నేను ఎర్రపెన్ను తీసి ఆ రెండక్షరాలు కొట్టేశాను. అర నిమిషం కూడా పట్టలేదు.