ఖాళీ చెయ్యి

హారతి తయారుచేసిన పట్టీని మొదట చేతికి కట్టుకున్నది ఆమె తండ్రి అంబదాస్. మణికట్టు మీద వెలుగు వేసి, చర్మం కింద నెత్తురు కొట్టుకునే తీరు చూసి, నాడి తప్పితే ఎర్రదీపం వెలిగించడం దాని పని. అంబదాసుకు ఈమధ్య కళ్ళు తిరుగుతున్నాయి. దవాఖానకు రమ్మంటే, సాంచ ఎవరు చూస్తారని అడిగేవాడు. సాంచ అంటే ఆయన నడిపే మరమగ్గం. ఆయన దవాఖానకు రాడు కాబట్టి దవాఖాననే ఆయన చేతికి కట్టాలనుకుంది హారతి. తను పనిచేసే కంపెనీ యజమాని జితేందర్‌కు మాత్రం కార్మికుల ఆరోగ్యం కోసమని చెప్పింది.

ఏ చేతికి కట్టాలన్న ప్రశ్న వచ్చింది. కదిలే చేతికి కడితే నాడి సరిగ్గా దొరకదు.

"ఎడమ చెయ్యి ఖాళీగనే ఉంటది సార్," అంది హారతి.

నేతవాళ్ళ పేట డిండోలిలో సాంచల మధ్య పెరిగిన ఇంజనీరు హారతి. ఆమెకన్నా ఎవరికి తెలుసని జితేందర్ ఒప్పుకున్నాడు.

అంబదాస్ పనిచేసే కార్ఖానాలో వారంపాటు పరీక్ష జరిగింది. ముసలివాళ్ళకూ పడుచువాళ్ళకూ తెర మీద ఒకటే నాడి, గీత గీసినట్టు. జితేందర్ మురిసిపోయి, పట్టీలు కొనబోయే ఆసుపత్రి వాళ్ళకిచ్చే కాగితాల్లో 'శ్రమ గుండెకు క్రమశిక్షణ నేర్పుతుంది' అన్న వాక్యం సొంతంగా రాసి చేర్చాడు. అందరిలోకీ తిన్నని గీత అంబదాసుదే.

"నీ మిషినే చెప్పింది గద బిడ్డా. ఇగ దవాఖాన ముచ్చట తీయకు," అన్నాడాయన.

తన యంత్రాన్ని తనే కాదనలేక హారతి దవాఖాన మాట మానేసింది.

ఆసుపత్రి నుంచి ఇద్దరు డాక్టర్లు చూడవచ్చిన రోజున కరెంటు పోయింది. సాంచలన్నీ ఆగాయి. తెర మీద గీతలు చెదిరి దేని దారి అది పట్టాయి. అంబదాసుది రెండు అడుగులు వేసి ఆగింది, మళ్ళీ మూడు ఒకేసారి పరుగెత్తింది. ఆయన చేతి మీద ఎర్రదీపం వెలిగింది. కరెంటుతోపాటు పట్టీ కూడా పోయిందా అని జితేందర్ అడిగాడు. పట్టీ నడిచేది బ్యాటరీ మీద.

హారతి తండ్రి వైపు చూసింది. ఆగిన సాంచ ముందు కడ్డీ మీదే ఉంది ఆయన ఎడమ అరచెయ్యి. నేసేవాళ్ళందరూ అట్లాగే పెడతారు. సాంచ ఎట్లా నడుస్తుందో ఆ అదురులోనే తెలుస్తుంది. చిన్నప్పుడు ఆమె చేతినీ ఆయన అక్కడే పెట్టించేవాడు. వాళ్ళ ఇళ్ళల్లో ఆ ఎడమ చేతిని ఖాళీ చెయ్యి అనే అంటారు. వారమంతా పట్టీ లెక్కపెట్టింది నాడిని కాదు, సాంచ అదురును.

ఇంతలో కరెంటు వచ్చింది. అంబదాస్ సాంచ నడిపించగానే ఎర్రదీపం ఆరి, గీత తిన్నగా సాగింది. డాక్టర్లు తృప్తిగా తలలూపారు. హారతి జితేందర్ పక్కకు వెళ్ళి, అది సాంచ గీత అని చెప్పింది.

"సాంచదే అనుకో. జర వాళ్ళు పోయినంక చెప్పు," అన్నాడు జితేందర్.

హారతి వెళ్ళి సాంచ ఆపేసింది. ఎర్రదీపం మళ్ళీ వెలిగింది. డాక్టర్లలో ఒకాయన పట్టీని పక్కకు జరిపి, అంబదాస్ మణికట్టును తన వేళ్ళతో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత, ఆయన్ని తమ కారులో కూర్చోమన్నాడు.

సాయంత్రం జితేందర్ ఫోన్ చేశాడు. ఆసుపత్రి వాళ్ళు పట్టీ వద్దన్నారట. కార్ఖానా సేటు మాత్రం, ఏ సాంచ ఎప్పుడు చెడుతుందో చెబుతుందంటే అన్ని సాంచలకూ కట్టిస్తానన్నాడట. ఆ మాట చెబుతున్నప్పుడు జితేందర్ గొంతులో బాధేమీ లేదు.

ఆసుపత్రి మంచం మీద అంబదాస్ ఛాతీకి వైర్లు అతికించారు. పక్క గదిలో ఏదో మోటారు నడుస్తోంది. ఆయన ఎడమ చెయ్యి మెల్లగా సన్నగా అదురుతున్న మంచం ఇనుప కడ్డీని వెతుక్కుంది.

"చెయ్యి తియ్యి బాపూ," అంది హారతి.

"అది ఖాళీదే గదనే," అన్నాడు అంబదాస్.

ఆమె ఆ చేతిని తీసి తన ఒళ్ళో పెట్టుకుంది.