బలం సూది

నూట నలభై రెండో నెంబరు బిళ్ళని చిన్నారావు నూట ఇరవై నాలుగో మేకుకి తగిలించాడు. తీసి, అరచేతిలో పెట్టుకుని చూసి, మళ్ళీ అక్కడే తగిలించాడు. రాయపూర్ వ్యాగన్ల షాపులోకి వెళ్తూ పనివాళ్ళు పెట్టెలో వేసే ఇత్తడి బిళ్ళల్ని బోర్డు మీద వరసగా పెట్టడం అతని డ్యూటీ. రోగం బయటపడ్డాక ఇచ్చిన తేలిక పని. ఇప్పుడదీ చేతకావడం లేదు. చేతులు వాటంతటవే అల్లాడుతున్నాయి. కళ్ళు పచ్చగా ఉన్నాయి. ఖాకీ చొక్కా కింది రెండు గుండీలు పొట్ట మీద పట్టవు. మొన్ననే ఆస్పత్రిలో నీళ్ళు తీశారు, అప్పుడే మళ్ళీ ఊరాయి. పాదం మీద వేలితో నొక్కితే గుంట అలాగే ఉండిపోతుంది.

తాగి తెచ్చుకున్నాడని షాపంతా అనుకుంటుంది. యాభై ఏడేళ్ళలో చుక్క ముట్టని మనిషికి ఇదేం ఖర్మో! కానీ ఇవాళ అతనికి ఆ బాధ లేదు. భార్య పైడమ్మ రక్తపరీక్ష కాగితం ఇవాళే వస్తుంది. తెచ్చుకోవడానికి ఆమె పొద్దున్నే బయల్దేరింది. ఆ కాగితంలో ఏముందోనని అతని ప్రాణం గిలగిల్లాడుతోంది.

అంతా ఒక గాజు సిరంజితో వచ్చింది. ముప్పై ఏళ్ళ కిందట మల్లేశ్వరరావు అనే కాంపౌండరు ఊరెళ్ళిపోతూ, సూది వెయ్యడం నేర్పి, దాన్ని స్టీలు పెట్టెతో సహా ఇచ్చాడు. అప్పట్నుంచీ ఆదివారం వస్తే చాలు, విజయనగరం వైపు నుంచి వచ్చిన ఖలాసీలంతా చిన్నారావు వరండాలో బారులు తీరేవారు. ఎర్రమందు బలం సూది పడితేగానీ వారమంతా సుత్తి లేవదని వాళ్ళ నమ్మకం. చిన్నారావు హస్తవాసి మంచిదని పేరు. టీ నీళ్ళు తప్ప ఏమీ పుచ్చుకునేవాడు కాదు. పొద్దున ఒకసారి సూది మరిగిస్తే వరసంతటికీ సరిపోతుందనుకునేవాడు. మనిషికీ మనిషికీ మధ్య స్పిరిట్ దూదితో తుడిచేవాడు, అంతే. చివర సీసాలో మిగిలిన మందు పారబొయ్యడం ఇష్టంలేక తనే వేసుకునేవాడు. రెండో కాన్పయ్యాక పైడమ్మకి పదిరోజులు వేశాడు, అదే సూదితో.

నిరుడు పెద్దాస్పత్రి డాక్టరు విడమర్చి చెప్పాడు. సి రకం కామెర్లట. రక్తంలోంచి రక్తంలోకి పోతుందట. ఇరవై, ముప్పై ఏళ్ళు చప్పుడు చెయ్యకుండా కాలేయాన్ని గట్టిపరుస్తుందట. నీతోపాటు ఆ సూది ఇంకెవరికి పడిందని అడిగితే చిన్నారావు వేళ్ళు ముడిచి లెక్కపెట్టబోయి మానేశాడు.

ఆదివారం వరసలో ముందు నిలబడే ఖలాసీ జోగయ్య గుర్తొచ్చాడు. ఇలాగే పొట్ట ఉబ్బి, రక్తం కక్కుకుని పోయాడు. సారాయే తినేసిందన్నారందరూ. శవం పక్కన కూర్చున్న అతని పెళ్ళాం రమణమ్మతో, తాగుడు మానిపించలేకపోయావా అని చిన్నారావే అన్నాడు. ఇంత తెలిశాక కూడా పైడమ్మకి చెప్పడానికి అతనికి పదినెలలు పట్టింది.

సాయంత్రం షాపు కూత మోగాక కాళ్ళీడ్చుకుంటూ క్వార్టరు చేరాడు. పైడమ్మ గడపలో కూర్చుని బియ్యం ఏరుతోంది. అతను అడగలేక నిలబడ్డాడు. ఆమె చేటలోంచి తలెత్తలేదు.

"నాకేటీ నేదంట మావా. రగతం సుబ్బరంగా ఉందంట."

"కాయితమేదీ?"

"డాక్టరు సాబే ఉంచుకున్నాడు."

చిన్నారావు గోడకి జారగిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నెలరోజులకి మొదటిసారి, ఉప్పులేని అన్నం మారడిగి తిన్నాడు. చెయ్యి కడుక్కుంటూ అన్నాడు:

"రేపు రమణమ్మకాడికెల్లాల. జోగయ్య తాగి పోనేదని సెప్పాల."

పైడమ్మ అలాగేనంది. అతను పడుకున్నాడు. తెల్లారి షాపు కూత మోగింది, రెండోసారీ మోగింది. అతను లేవలేదు. పైడమ్మ తట్టి చూసింది. ఒళ్ళు చల్లగా ఉంది.

జనం వచ్చారు. రమణమ్మ కూడా వచ్చి పైడమ్మ భుజం మీద చెయ్యేసి కూర్చుంది. చిన్నారావు ఎంతమందికి సూదులేశాడో చెప్పుకుని కన్నీళ్ళు పెట్టుకుంది. పాపం, నిజంగానే ఏడ్చింది.

"ఎంత మంచోడైతే ఏటి లాబం. తాగుడు మానిపించనేకపోనావు," అంది.

పైడమ్మ నోరు తెరిచింది. చెప్తే, ఆ చేతినీ ఆ సూదినీ కాలనీ అంతా తిట్టుకుంటుంది. తన రక్తం సంగతీ బయటపడుతుంది. వరండాలో బారులు తీరినవాళ్ళు ఇంకా ఎంతమంది బతికున్నారో, వాళ్ళకీ పరీక్ష చేయించాలనీ ఆమెకి తెలుసు. అయినా చెప్పలేకపోయింది. తల వంచుకుని ఊఁ అంది.

వంటింటి అలమారలో, పప్పు డబ్బాల వెనక, ఆ స్టీలు పెట్టె ఉంది. మూత సరిగ్గా పట్టలేదు. లోపల గాజు సిరంజి మీద, పైడమ్మ పేరున్న ఆస్పత్రి కాగితం నాలుగు మడతలు పెట్టి ఉంది.