కుట్టుమిషన్‌కి కిటికీ కావాలి

హలో, అందరికీ వినబడుతోందా? అన్నాలు తిన్నారా? తినకపోతే పళ్ళెం ముందు పెట్టుకునే వినండి, చిన్న కథే.

ఆవిడ ఇంట్లోనే బట్టలు ఆల్టరేషన్ చేస్తుంది. పెళ్ళైన కొత్తలో మిషన్ కిటికీ దగ్గరే ఉండేది. ఆడపడుచు పిల్లలతో వచ్చి ఉన్నప్పుడు మంచం వేయాలని నడవలోకి జరిపారు. ఆ తర్వాత ఫ్రిజ్ కొన్నారు, మిషన్ వంటింటి మూలకి పోయింది. ఇప్పుడు మరిది పరీక్షకి కిటికీ దగ్గర కూర్చుని చదువుకోవడానికి వస్తున్నాడు, చప్పుడు పనికిరాదని మిషన్‌ని అటకెక్కిస్తారట. ప్రతిసారీ భర్తది ఒకటే మాట, అడ్జస్ట్ అయిపో అని. అత్తగారికి ఇంగ్లీషు రాకపోయినా ఆ ఒక్క ముక్కా వచ్చు. కూరలో ఉప్పెక్కువైన రోజు మాత్రం ఆ మాట ఇంట్లో ఎవరికీ గుర్తురాదు.

ఆ సాయంత్రం ఆవిడ ఎవరిదో చొక్కా కుట్లు విప్పుతోంది. పక్కనే కూతురు హోంవర్కు రాస్తోంది. అడ్జస్ట్ అనే మాటతో ఐదు వాక్యాలు రాయాలట. రాస్తూ పైకి చదువుతోంది. అమ్మ నడవలో అడ్జస్ట్ అయింది. అమ్మ చల్లారిన అన్నంతో అడ్జస్ట్ అయింది. అమ్మ జ్వరంలో కూడా అడ్జస్ట్ అయింది. నాలుగోది కూడా అమ్మే.

"ఐదోది అటక గురించి రాసేయనా నాన్నా?"

"రాసెయ్. దానికీ అవుతుందిలే మీ అమ్మ," అని నవ్వాడు ఆయన, సోఫాలో కాళ్ళు చాపుకుని.

ఆవిడ చెయ్యి ఆగిపోయింది. ఇన్నేళ్ళలో తన దగ్గరికి లావైనవాళ్ళొచ్చారు, చిక్కినవాళ్ళొచ్చారు. చొక్కాకి సరిపోయేట్టు ఒళ్ళు తగ్గించుకో అని ఒక్కరినీ అనలేదు. చొక్కానే విప్పింది, చొక్కానే కుట్టింది. మరి ఈ ఇంట్లో ఎప్పుడు చూసినా కత్తెర తన మీదికే ఎందుకొస్తోంది? మిషన్ అటకెక్కాక ఇక తను చేసేది ఏం మిగులుతుంది?

లేచి వెళ్ళి మిషన్ పట్టుకుని లాగింది. ఎక్కడికని అడిగాడు భర్త.

"కిటికీ దగ్గరికి. వెలుతురు లేక సూదిలో దారం ఎక్కడం లేదు. వంటింటి మూల ఖాళీ అయింది, మీ తమ్ముణ్ణి అక్కడ చదువుకోమనండి."

"ఆ పొగలో, ఆ ఉక్కలో మనిషి కూర్చుంటాడా?"

"నేను తొమ్మిదేళ్ళు కూర్చున్నాను."

ఆయన తల్లి వైపు తిరిగాడు. నువ్వైనా చెప్పమ్మా, నాన్న ఉన్న రోజుల్లో నువ్వు సర్దుకోలేదా అన్నాడు.

అత్తగారు చాప మీంచి లేచింది.

"సర్దుకున్నానని మీ నాన్న అందరికీ చెప్పేవాడురా. నన్నెవరడిగారు?" అంది. కొంగు బిగించి వచ్చి మిషన్ రెండో వైపు పట్టుకుంది.

అత్తాకోడళ్ళు మోసుకుంటూ హాల్లోకి వచ్చారు. సోఫా అడ్డొచ్చింది. ఆయన లేవాల్సి వచ్చింది.

అంతేనండీ కథ. నచ్చితే మీ అక్కచెల్లెళ్ళకి పంపండి. అంతకన్నా ముందు బావగార్లకి పంపండి, అవసరం వాళ్ళకే.