అడ్రస్ లేని విన్నపం

వివరం చెప్పని విన్నపం అడ్రస్ రాయని ఉత్తరం లాంటిదని సువార్త వాళ్లమ్మ అనేది. ఆ మాట సువార్తకు చిన్నప్పుడే మనసులో నాటుకుపోయింది. శుక్రవారం మధ్యాహ్నం చర్చిలో జరిగే స్త్రీల కూటంలో ప్రార్థన విన్నపాలు చెప్పమంటే, మిగతావాళ్లు "ఆరోగ్యం గురించి" అనో "పిల్లల చదువు గురించి" అనో చెప్పి కూర్చునేవాళ్లు. సువార్త అలా ఊరుకునేది కాదు. భర్త యెషయాకు హెర్నియా ఆపరేషన్ అయినప్పుడు ఏ ఆసుపత్రి, ఏ వార్డు, కిటికీ పక్క మంచమా తలుపు పక్క మంచమా అన్నీ చెప్పింది.

"మీ అమ్మ దేవునికి సుత బస్సు నంబరు చెప్పి, యాడ దిగాల్నో చెప్పి పిలుస్తది," అని యెషయా కూతురితో అని నవ్వేవాడు. రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరైన మనిషి. సుత్తి చప్పుళ్లకు ఒక చెవి మందగించింది, దాంతో గొంతు పెద్దదైంది. ఆయన ఇంట్లో వేసిన జోకు సందు చివరిదాకా వినిపించేది.

"లేకుంటే ఎట్ల? లాలాగూడల యెషయా అనేటోళ్లు ఒక్కరేనా?" అనేది సువార్త.

వాళ్లకు ఒక్కతే కూతురు. డిసెంబరులో చర్చివాళ్లు పాటలు పాడుకుంటూ ఇల్లిల్లూ తిరిగే రోజుల్లో పుట్టిందని క్యారల్ అని పేరు పెట్టుకున్నారు. పరీక్ష రాసి ఆహార భద్రత అధికారి అయింది. అమ్మానాన్నల లెక్కలో ఫుడ్ ఇన్‌స్పెక్టర్. రెండు వైపుల బంధువుల్లోనూ ఆఫీసరు అనే మాట అంతకుముందు ఎవరి పేరు పక్కనా పడలేదు. ఉద్యోగంలో చేరిన రోజే క్యారల్ తల్లిని ఒక్కటి అడిగింది.

"మమ్మీ, నేను ఏ డిపార్టుమెంటో ఎవ్వరికీ చెప్పకు. గవర్నమెంటు జాబ్ అను, చాలు. మేం దుకాణాలు సీజ్ చేస్తం. అందరూ మంచోళ్లు ఉండరు."

సువార్త సరేనంది. మాట నిలబెట్టుకుంది కూడా. పెళ్లిళ్లలో ఎవరైనా అడిగితే "గవర్నమెంటే" అని, తక్కిన మాటను నీళ్లతో పాటు మింగేది.

ఎండాకాలంలో క్యారల్ తిరుమలగిరి అవతల ఒక గోడౌన్ మీద దాడి చేసింది. అల్లంవెల్లుల్లి పేస్టు తయారుచేసే చోటు. అక్కడ అల్లం తక్కువ, ఆసిడ్ డబ్బాలు, రంగు పొడి ఎక్కువ. శాంపిళ్లు తీసి గోడౌన్‌కు సీలు వేసింది. ఆ కంపెనీ పేరేమిటో ఇంట్లో చెప్పలేదు. ఆ తర్వాత కొన్ని వారాలు ఆమె సరిగ్గా తినలేదు. ఆఫీసు బయట ఎవరో గేటు పక్కన నిలబడి చూస్తున్నారని తండ్రితో అంటుంటే సువార్త వంటింట్లోంచి విన్నది.

ఒక సాయంత్రం మాత్రం తేలికైన మొహంతో వచ్చింది.

"మమ్మీ, ఆ గోడౌనోళ్లు ఆఫీసుల ఆర్‌టీఐ వేసిన్రు. నా ఇంటి అడ్రస్ కావాల్నంట, సొంత ఫోన్ నంబరు కావాల్నంట. ఏ బండి మీద వస్తనో అది సుత కావాల్నంట."

"అయ్యో! ఇచ్చిన్రా?"

"ఎట్లిస్తరు? నేను చేసిన పని అడుగు, చెప్తరు. ఎన్ని శాంపిళ్లు తీసిన, ఏ కాగితం మీద సంతకం పెట్టిన, అదంతా అడిగే హక్కు ఉంటది. నా ఇల్లు ఏడుందో వాళ్లకెందుకు? వ్యక్తిగత సమాచారం, ఇయ్యం అని రాసి పంపిన్రు. మా సారు ఈ విషయంల పక్కా."

"అంటే ఇంక పరేషాన్ లేదు?"

"జెర తగ్గినట్టే."

ఆ రోజు క్యారల్ చాలా రోజుల తర్వాత రెండోసారి అన్నం వడ్డించుకుంది. సువార్త ఆ పళ్లెం వైపే చూస్తూ కూర్చుంది.

మరుసటి శుక్రవారం కూటంలో దేవుడు చేసిన మేళ్లకు సాక్ష్యాలు చెప్పమన్నారు. దేవుడు ఇంత మేలు చేస్తే నోరు మూసుకోవడం కృతఘ్నత అనిపించింది సువార్తకు. పైగా అక్కడున్నది ఎవరు? యెషయా ఆసుపత్రిలో ఉన్నప్పుడు వంతులేసుకుని క్యారియర్ తెచ్చిన ఆడవాళ్లు. క్యారల్ చెప్పొద్దన్న బయటివాళ్లు వీళ్లు కారు కదా.

లేచింది.

"నా బిడ్డను దేవుడు దాచిండు," అని మొదలుపెట్టింది. దాచాడని ఊరికే అంటే సాక్ష్యం ఎలా అవుతుంది? దేని నుంచి దాచాడో చెప్పింది. పేస్టు గోడౌన్, సీలు, ఆర్‌టీఐ. దాచింది ఏమిటో చెప్పింది. రైల్వే క్వార్టర్ల వెనక సందులో తమ పచ్చ గేటు ఇల్లు, అందులోంచి పొద్దున ఏడు కొట్టక ముందే నీలం స్కూటీ మీద ఒక్కతే పోయే పిల్ల. వాళ్లు ఇంక దారి కాయకుండా ప్రార్థన చేయమంది. ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు.

కూటం కార్యదర్శి శాంతమణి స్కూల్లో టీచరుగా చేసి మానేసిన మనిషి. ఏ పనైనా శ్రద్ధగా చేస్తుంది. రాలేకపోయిన వాళ్ల కోసం ప్రతి శుక్రవారం సాయంత్రం విన్నపాలన్నీ టైపు చేసి వాట్సాప్ గ్రూపులో పెట్టేది. ఆ వారం సువార్త విన్నపాన్ని అందరికంటే వివరంగా రాసింది. చదివినవాళ్లు చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. కొందరు తమ చుట్టాలకు, ఇతర చర్చిల గ్రూపులకు పంపారు. ప్రార్థించేవాళ్లు ఎంతమంది ఉంటే అంత బలం అని.

తర్వాతి వారం ఒకరోజు పొద్దున యెషయా చేపల కోసం మార్కెట్‌కు పోయాడు. క్యారల్ డ్యూటీలో ఉంది. గేటు దగ్గర తెల్ల చొక్కా వేసుకున్న ఒక మనిషి అట్టపెట్టెతో నిలబడ్డాడు.

"వందనాలు, ఆంటీ. సువార్త ఆంటీ ఇల్లేనా?"

"వందనాలు నాయనా. ఏ చర్చి?"

అల్వాల్ వైపు ఒక చర్చి పేరు చెప్పాడు. తన పేరు జీవరాజు అన్నాడు. "మీ అమ్మాయి గురించి మా గ్రూపుల వచ్చింది, ఆంటీ. మా ఇంట్ల సుత రోజూ ప్రార్థన చేస్తున్నం. జెర చూసిపోదామని వచ్చిన."

సువార్తకు కళ్లలో నీళ్లు తిరిగాయి. లోపల కూర్చోబెట్టి టీ పెట్టింది, రస్కులు పెట్టింది. అతను గోడ మీది ఫోటోలు చూశాడు. అమ్మాయి ఎన్నింటికి వస్తుందని అడిగాడు. ఈ మధ్య ఏడవుతోందని చెప్పింది. పిల్ల మీద ఆఫీసులో ఒత్తిడి ఏమైనా ఉందా అంటే, సారు మంచోడే అని చెప్పింది.

పోయేముందు పెట్టె ఆమె ముందుకు జరిపాడు. "కూటంల అక్కలకు పంచుండ్రి, ఆంటీ. ఇంట్ల వాడుకునేవే."

"ఇవన్నీ ఎందుకు నాయనా?"

"మీరు కాదనొద్దు. ఒక ఫోటో దిగుదాం. ఎవరి కోసం ప్రార్థన చేస్తున్నరో మా వాళ్లకు చూపిస్త."

సువార్త పైట సర్దుకుంది. అతను చెయ్యి చాపి ఫోన్ ఎత్తాడు. "మీరు సుత ఒక చెయ్యి పట్టుండ్రి," అంటే పెట్టెకు ఒక పక్క పట్టుకుంది. నవ్వింది కూడా.

అతను పోయాక విప్పి చూస్తే అల్లంవెల్లుల్లి పేస్టు సీసాలు. ఆకుపచ్చ మూతలు, లేబుల్ మీద నవ్వుతున్న ముసలమ్మ బొమ్మ. ప్రార్థన చేసే మనిషి తెచ్చినవాటిని సీలు పడ్డ గోడౌన్‌తో ముడిపెట్టాలని ఆమెకు తోచలేదు. ఒకటి ఫ్రిజ్‌లో పెట్టింది. ఒకటి పక్కింటి సీతారత్నానికి ఇచ్చింది. యెషయా చేపలు తెచ్చాక ఆ పేస్టుతోనే పులుసు పెట్టింది.

సాయంత్రం క్యారల్ వచ్చి నీళ్ల కోసం ఫ్రిజ్ తీసింది. తీసిన తలుపు అలాగే పట్టుకుని నిలబడిపోయింది.

"మమ్మీ. ఇది ఎక్కడిది?"

సువార్త సంతోషంగానే చెప్పింది. సగంలో ఉండగానే కూతురి మొహం చూసి మాట ఆగిపోయింది.

"జీవరాజు అన్నడా?"

"అవును. అబద్ధం చెప్పిండా?"

"లేదు. ఆయన పేరు అదే. ఆ గోడౌన్ మేనేజరు." క్యారల్ కుర్చీలో కూర్చుంది. "ఫోటో దిగినవా?"

సువార్త తలూపింది.

"పెట్టె పట్టుకొనా?"

సువార్త తెరిచే ఉన్న ఫ్రిజ్ తలుపు మూసింది.

యెషయా ఏమైందేమైందని అరుస్తున్నాడు. ఆయనకు సగమే వినిపించింది. క్యారల్ వాళ్ల సారుకు ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పింది. ఫోన్ పెట్టేసి, "ఇల్లు ఎట్ల తెలిసింది వాళ్లకు?" అంది. తల్లిని కాదు, తనను తానే అడుగుతున్నట్టు. సువార్త తన ఫోన్ తెచ్చి శాంతమణి పెట్టిన విన్నపం తీసి ఇచ్చింది. క్యారల్ చదివింది. మళ్లీ పైకి జరిపి చదివింది.

"గేటు రంగు సుత ఉంది," అంది మెల్లగా. "ఫోన్ నంబరు ఒక్కటి తప్ప, ఆఫీసు ఇయ్యనన్నది మొత్తం ఉంది దీంట్ల."

"నేను ప్రార్థన కోసమే..."

"తెలుసు మమ్మీ. నీ తప్పు లేదు."

తిట్టి ఉంటే బాగుండేదని సువార్తకు చాలా రోజులు అనిపించింది. తిడితే ఏడ్చి ఊరుకునేది. ఈ మాటకు ఏం చేయాలో ఆమెకు తెలియలేదు.

సీతారత్నం ఇంటికి పోయి సీసా వెనక్కి అడిగింది. "ఇచ్చింది మళ్ల తీసుకపోతవా, వదినా? అంత ప్రేమనా దీని మీద?" అని ఆమె నవ్వింది. సువార్త కూడా నవ్వి తెచ్చుకుంది. చేపల పులుసు ఎవరూ తినలేదు.

పై అధికారులకు ఫిర్యాదు చేరింది. ఇన్‌స్పెక్టరు తల్లి ఇంట్లోనే మామూళ్లు తీసుకుంటోందని, పెట్టెలో సీసాలతో పాటు ఇంకేం ఉందో విచారించాలని. ఫోటో జతచేశారు. క్యారల్ ముందే చెప్పి ఉండటం వల్ల ఉద్యోగం పోలేదు. కానీ విచారణ తేలేదాకా ఆ కేసు ఆమె చేతిలో ఉండకూడదన్నారు. ఫీల్డు నుంచి తీసి లోపల కాగితాల పనికి వేశారు. ఈలోగా గోడౌన్ వాళ్లు పెద్ద వకీలును పెట్టుకున్నారు. దాడి చేసిన అధికారే నమ్మదగ్గ మనిషి కాదని వాదించారు. వర్షాలు తగ్గేసరికి సీలు తీసేశారు.

మెట్టుగూడలో కిరాణా కొట్టుకు పోయినప్పుడు సువార్తకు అరలో ఆకుపచ్చ మూతలు వరుసగా కనిపించాయి. ముసలమ్మ నవ్వుతూనే ఉంది. ముందున్న ఒక చంటిపిల్ల తల్లి రెండు తీసి సంచిలో వేసుకుంది. తీసుకోవద్దమ్మా అని సువార్త నోటిదాకా వచ్చింది. ఎందుకని అడిగితే మళ్లీ ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి? పప్పు కొనకుండానే ఇంటికి వచ్చేసింది.

ఆ నెలలోనే క్యారల్ ఇల్లు మారింది. "ఈ ఇల్లు వాళ్లకు తెలిసిపోయింది. నేను ఇక్కడ ఉంటే మీకు సుత తక్లీఫ్," అంది. రెండు సూట్‌కేసులు, ప్రెషర్ కుక్కరు తీసుకుంది. ఎక్కడికో చెప్పలేదు. యెషయా అడగబోతే సువార్తే ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది.

కూటానికి పోవడం సువార్త మానలేదు. మానితే ఎందుకని అడుగుతారు. శాంతమణికి జరిగింది చెప్పనూ లేదు. చెబితే ఆమె కుమిలిపోతుంది, కుమిలిపోయి ఆ వారం విన్నపాల్లో అది కూడా రాస్తుంది. డిసెంబరు దగ్గరపడుతుండగా ఒక శుక్రవారం శాంతమణే పట్టుకుంది.

"సువార్తక్కా, క్యారల్ వేరే ఉంటున్నదంట కదా? ఈసారి పాటలకు ఆ ఇంటికి సుత పోదాం. పేరే క్యారల్, ఆమె వాకిట్ల పాడకుంటే ఎట్ల? అడ్రస్ చెప్పు."

"తెల్వదు, శాంతమణీ."

"కన్నతల్లివి, నీకు తెల్వదా? ఏమన్న గొడవైందా? ప్రార్థనల పెడదామా?"

"వద్దు. ఏం లేదు." తర్వాత ఏదో ఒకటి అనాలి కాబట్టి, "అంతా మంచిగనే ఉంది," అంది. ఆడవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. తల్లీకూతుళ్లకు పడటం లేదని ఆ వారమే చర్చంతా అనుకున్నారు. సువార్త ఆ మాటను అలాగే పోనిచ్చింది.

ఆదివారాలు క్యారల్ వచ్చి భోంచేసి పోతుంది. ఆ ఆదివారం తల్లి మొహం చూసి, చేయి కడుక్కుంటూ అంది.

"మమ్మీ, పండుగకు నా రూముకు రారాదు? నువ్వు, డాడీ. ఇన్ని దినాలు చెప్పకపోవుడు నాకే మంచిగ అనిపిస్తలేదు. ఏడ అంటే..."

"చెప్పకు," అంది సువార్త.

"ఏందీ?"

"చెప్పకు బిడ్డా. నాకు తెలిస్తే నేను మోకాళ్ల మీద కూసున్నప్పుడు అది నోట్లకు వస్తది. ఒక్కదాన్నే ఉన్ననా, పక్కన ఎవరన్న ఉన్నరా అని నాకు యాదికుండదు."

"మమ్మీ, గిట్ల మాట్లాడకు."

"నువ్వే రా. వండి పెడత."

యెషయా ఏమంటున్నారని అరిచాడు. సువార్త టిఫిన్ డబ్బాలో కోడికూర సర్ది, మూత గట్టిగా ఉందో లేదో రెండుసార్లు నొక్కి చూసి కూతురి చేతికిచ్చింది. క్యారల్ డబ్బా సంచిలో పెట్టుకుంది. తర్వాత చెప్పులు వేసుకుంది.

ఇదివరకు స్కూటీ సందు మలుపు తిరిగేదాకా సువార్త గేటు పట్టుకుని నిలబడేది. ఎడమకు తిరిగితే మెట్టుగూడ, కుడికి తిరిగితే తార్నాక. బండి చప్పుడును బట్టి వంటింట్లోంచి కూడా ఎటు పోయిందో చెప్పగలదు.

గేటు గడియ పడింది. స్కూటీ స్టార్టయింది. సువార్త వంటింట్లోకి పోయి, ఒలిచి ఉంచిన వెల్లుల్లి, అల్లం ముక్కలు మిక్సీ జార్‌లో వేసింది. మూత మీద అరచేయి ఒత్తిపెట్టి స్విచ్ తిప్పింది. పేస్టు మెత్తగా అయిపోయినా, సందులో స్కూటీ ఎప్పుడో మలుపు తిరిగి ఉంటుందని తెలిసినా, ఇంకా కాసేపు తిప్పుతూనే ఉంది.