రావద్దన్నా చెరిపేశారు

పోలీసులు టీకి పిలిస్తే ఆ ఊళ్ళో ఎవరికీ దాహం వెయ్యదు. అయినా చిన్ మెయ్‌ఫెంగ్ వెళ్ళింది, వెళ్ళక చస్తుందా? ఊరి పక్కన చెత్త కాల్చే ఫ్యాక్టరీ పెడుతున్నారని, శనివారం అందరం మైదానంలో నిలబడదామని ఫోన్లో పెట్టింది ఆవిడే మరి. సాయంత్రాలు అదే మైదానంలో ఆడవాళ్ళందరిచేతా డాన్సు చేయించే మనిషి. ఆవిడ రమ్మంటే రానివాళ్ళు తక్కువ.

ఇన్‌స్పెక్టర్ లూ టీ పోసి, "పిన్నిగారూ, మీ బోవెన్‌ది మంచి ఉద్యోగం కదూ?" అన్నాడు. అంతకుమించి ఒక్క ముక్క అనలేదు.

ఆ మాట వెనక బెదిరింపు మెయ్‌ఫెంగ్‌కి అర్థమైంది. కొడుకు డిగ్రీ చదివి చాన్నాళ్ళు గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నాక దొరికిన ఉద్యోగం అది. ఊరంతా ఫోన్లో వాడే ఆ వీడియోల కంపెనీలోనే కూర్చుని, జనం పెట్టేవాటిలో ఉండకూడనివి చెరిపెయ్యడం వాడి పని. ఆ ఉద్యోగం చూసే పిల్ల తరఫువాళ్ళు పెళ్ళికి ఊఁ అన్నారు.

"ఎవరూ రావద్దని ఇప్పుడే పెడతాను బాబూ" అంది.

ఇంటికొచ్చి పెట్టింది. 'శనివారం మైదానానికి ఎవరూ రావద్దు.' కళ్ళజోడు తుడుచుకుని చూసేసరికి మాయం. మళ్ళీ పెట్టింది. మళ్ళీ మాయం. ఒళ్ళు మండి కొడుక్కి ఫోన్ చేసింది.

"ఒరేయ్, నా మాటలు ఏ దరిద్రుడ్రా మింగేస్తున్నది?"

"నేనేనమ్మా."

"నువ్వా! నీ ఉద్యోగం కోసమేరా సన్నాసీ, రావద్దంటున్నది!"

"శనివారం, మైదానం అని ఎక్కడ కనబడినా తీసెయ్యమని లూ గారే ఆర్డరేశారమ్మా. రమ్మన్నారా, వద్దన్నారా అన్నది చూడమనలేదు."

"ఆహా, ఏం తెలివి! పుట్టినప్పుడే అంతా ఖర్చు పెట్టేసుకున్నట్టున్నాడు ఆ లూ."

"అమ్మా, ఫోన్ వింటారేమో..."

"విననీ! చెవుల్లో గుబిలి వదులుతుంది."

ఇక గతిలేక, రావద్దని చెప్తూ ఇల్లిల్లూ తిరిగింది. పక్కింటి గావో ఆమెను చూసి కన్ను కొట్టింది. "అర్థమైందిలే అక్కా. అన్నీ చెరిపేస్తున్నారంటే గట్టిగానే జరగబోతోందన్నమాట."

"కన్ను కొట్టకే తల్లీ! నిజంగానే రావద్దంటున్నా!"

"అబ్బ, ఎంత బాగా చెప్తున్నావక్కా! మా ఆయన్ని కూడా తీసుకొస్తాలే."

శనివారం మైదానంలో కాలు పెట్టే చోటు లేదు. ఫ్యాక్టరీ సంగతే తెలియనివాళ్ళు కూడా, శనివారం అన్న మాట ఫోన్లో ఎందుకు నిలవడం లేదో కనుక్కుందామని వచ్చారు. లూ చెమటలు కక్కుతూ వచ్చి ఆవిడ చేతిలో మైకు పెట్టాడు.

"పిన్నిగారూ, ఇంటికి పొమ్మనండి! మీరు రావద్దని పెడతానన్నారు కదా, ఏమైంది?"

"పెట్టాను. చెరిపేశారు."

"ఏ వెధవ చెరిపింది? వాడి ఉద్యోగం ఇవాళే పీకేస్తా!"

ఆ వెధవ తన కొడుకేనని మెయ్‌ఫెంగ్‌కి భయం పట్టుకుంది. వెంటనే అంతకంత కోపమూ వచ్చింది. చెప్పింది చెప్పినట్టు చేసినా ఉద్యోగం పోయేట్టయితే, ఇన్నాళ్ళూ ఎవరి కోసం నోరు మూసుకున్నట్టు?

"చెరపమన్నది తమరే కదా నాయనా" అంది.

ఆవిడ మైకు నోటి దగ్గర పెట్టుకుంది. "ఇంటికి పొమ్మని చెప్పమన్నారు, చెప్పాను. ఇక ఇది నా సొంత మాట. ఆ పొగ రేపు పుట్టబోయే నా మనవడి ముక్కులోకి పోవడం నాకిష్టం లేదు. నేను కదలను. ఎవరేం పీక్కుంటారో పీక్కోండి!"

మైదానం గొల్లున నవ్వింది. గావో వీడియో తీసి అక్కడికక్కడే పెట్టేసింది.

మధ్యాహ్నం మెయ్‌ఫెంగ్ ఇంటికొచ్చి ఫోన్ చూసుకుంటే ఆ వీడియో చెక్కుచెదరలేదు. ఊరంతా చూస్తోంది, పక్క ఊళ్ళూ చూస్తున్నాయి. గబగబా కొడుక్కి ఫోన్ కలిపింది.

"ఒరేయ్ బోవెన్, అది ఇంకా అక్కడే ఉందేంట్రా! నీ కంట పడలేదా?"

"పడిందమ్మా. పొద్దుననగా పడింది."

"మరి తియ్యవేంరా! మీవాళ్ళు చూస్తే నీ ఉద్యోగం ఉంటుందా?"

"నూడుల్స్ తింటున్నానమ్మా. చేతులు ఖాళీ లేవు."

అవతల జుర్రుకుంటున్న చప్పుడు. మెయ్‌ఫెంగ్ కళ్ళు తుడుచుకుంది.

"మెల్లిగా తిను నాన్నా. తొందరేం లేదు."