నూట ముప్ఫై ఏడు కిలోమీటర్లు

పొద్దున్న పదింటికి గనిలో కప్పు కూలింది. అప్పటినుంచి లాంపులక్క ఒక్కచోట కుదురుగా నిలబడలేదు. గనిలోకి దిగేవాళ్లకి టోపీ దీపాలూ, నడుముకి కట్టుకునే కూతపెట్టెలూ ఇచ్చే గది ఆమెది కాబట్టి అందరూ ఆమెకి ఆ పేరే ఖాయం చేశారు. దిగిన ఏడుగురిలో ఆరుగురు దగ్గుకుంటూ బయటపడ్డారు. ఏడోవాడు ఆమె సొంత తమ్ముడు.

కూతపెట్టె అంటే బ్రహ్మవిద్యేం కాదు. పది సెకన్లకోసారి కూస్తుంది. మామూలు రేడియో బండరాయి దాటి రాలేదు గానీ, ఈ కూత ఫ్రీక్వెన్సీ చాలా తక్కువ కాబట్టి ఎంత రాయినైనా దాటి పైకొస్తుంది. ఒక్కో పెట్టెది ఒక్కో ఫ్రీక్వెన్సీ. పైన రిసీవర్ పట్టుకుని నడిస్తే మనిషి ఎక్కడున్నాడో తెలిసిపోతుంది.

చిక్కల్లా వాటిని తయారుచేసిన పాత మెకానిక్ మహానుభావుడితోనే. ఆయన పోయి రెండేళ్లయింది. ఆయనకి తరంగం పొడవంటేనే ముద్దు, అందుకే ప్రతి పెట్టె మీదా కిలోమీటర్లే చెక్కాడు. పాత రిసీవర్ కూడా ఆయన చేసిందే. ముల్లు అటూ ఇటుగా తిప్పినా పలికేది. కిందటి నెల అది పాడైపోతే ఆఫీసువాళ్లు కొత్త రిసీవర్లు రెండు కొన్నారు. వాటికి హెర్ట్జులు చెప్పాలి, అదీ ఒక్కటి తేడా రాకుండా. నలభై పెట్టెల కిలోమీటర్లని హెర్ట్జుల్లోకి మార్చే పని లాంపులక్క నెత్తిన పడింది. తరంగం సెకనుకి పరుగెత్తే మూడు లక్షల కిలోమీటర్లని పెట్టె మీది కిలోమీటర్లతో భాగిస్తే సరి. నూట యాభై అయితే రెండు వేలు. నూట ఇరవై అయితే రెండు వేల ఐదొందలు. ఒక్క మధ్యాహ్నంలో పట్టిక రాసి, సంతకం పెట్టి, గోడకి అంటించేసింది.

తమ్ముడి పెట్టె మీద నూట ముప్ఫై ఏడు అని ఉంది. పట్టికలో దాని ఎదురుగా 2190. ఆ అంకె మీద పెట్టిన రిసీవర్ మూడు గంటలుగా కిక్కురుమనడం లేదు.

"ఇంక ఆగలేం. ఉన్నది ఒక్కటే డ్రిల్లు. మ్యాపు ప్రకారం వాడు తూర్పు సొరంగంలో ఉండాలి. అక్కడే దించుతాం," అన్నాడు రెస్క్యూ కెప్టెన్.

"వాడు అక్కడ లేకపోతే సార్?"

ఆయన వాచీ చూసుకున్నాడు. లోపల గాలి సాయంత్రం దాకా కూడా చాలదని ఇద్దరికీ తెలుసు.

ఆమె లాంపు గదిలోకి పరుగెత్తింది. మళ్లీ భాగించింది. రెండు వేల నూట ఎనభై తొమ్మిది, మీద చిల్లర. లెక్క తప్పలేదు. లేచింది, కూర్చుంది, మళ్లీ లేచింది. చేతులు ఊరుకోక అరలోంచి నూట నలభై మూడు అని ఉన్న పెట్టె తీసి మీట వేసింది. గదిలో బల్లకి బిగించి ఉన్న రెండో రిసీవర్‌లో పట్టిక చూసి 2098 కొట్టింది. చప్పుడు లేదు. జానెడు దూరంలో ఉన్న పెట్టె కూత కూడా దానికి వినపడలేదు!

ఒక్కొక్క అంకే పైకి జరిపింది. 2103 దగ్గర గది దద్దరిల్లేలా కూసింది.

అప్పుడు బోధపడింది. ముసలాయన ముందు కూత సరిచేసుకుని, తర్వాత దాని పొడవు లెక్కగట్టి, చిల్లరని దగ్గరి అంకెకి సర్దేసి చెక్కాడు. పొడవులో అర కిలోమీటరు అటో ఇటో సర్దితే ఇక్కడ ఏడెనిమిది హెర్ట్జులు ఎగిరిపోతాయి. పాత రిసీవర్ సర్దుకుపోయేది, కొత్తది ససేమిరా అంటోంది. ఆమె పట్టిక వైపు తిరిగింది. పట్టిక కింద సంతకం పక్కనే తన చేత్తో రాసుకున్న వాక్యం ఉంది: నలభై పెట్టెలూ పరీక్షించాను. చూసింది ఐదే. అవీ నూరు, నూట ఇరవై, నూట యాభై లాంటి చిల్లర లేని అంకెలవి. అన్నీ పలికేసరికి మిగతావీ పలుకుతాయిలే అనుకుంది.

డ్రిల్లు బండి కదలబోతుంటే అడ్డంగా వెళ్లి నిలబడింది.

"నా పట్టిక తప్పు సార్. 2182 నుంచి 2198 లోపల ఎక్కడో ఉంటాడు. ఒక్కో అంకెకీ ఒక్క నిమిషం. పదిహేడు నిమిషాలు ఆగండి."

"అన్నీ పరీక్షించానని సంతకం పెట్టావు కదమ్మా?"

"ఐదే చూశాను. అబద్ధం రాశాను. నా ఉద్యోగం తర్వాత పీకుదురుగాని, ముందు ఆ రిసీవర్ ఇలా ఇవ్వండి."

బయటపడ్డ ఆరుగురూ అక్కడే ఉన్నారు. వాళ్ల ముఖాల్లోకి చూసే ధైర్యం ఆమెకి లేకపోయింది.

2182. ఏమీ లేదు. 2183. 2184. నిమిషం ఇంత పొడుగని ఆమెకి ఎవరూ చెప్పలేదు. 2185 దగ్గర వినపడింది. ఒకటి కాదు, రెండు కూతలు, వెంటవెంటనే. పెట్టె పక్కన మీట నొక్కితేనే రెండు వస్తాయి. నొక్కాలంటే మనిషి బతికుండాలి. కెప్టెన్ రిసీవర్ పట్టుకుని పడమటి వైపు పరుగెత్తాడు. మ్యాపు చెప్పిన చోటికీ కూత బలంగా వచ్చిన చోటికీ మధ్య నాలుగు వందల అడుగుల దూరం ఉంది.

ముందు గాలి పంపారు, తర్వాత మనిషిని లాగారు. ఎండ ఇంకా ఉండగానే తమ్ముడు స్ట్రెచర్ మీద పైకొచ్చాడు. కుడి బొటనవేలి చర్మం ఊడిపోయి ఉంది. అక్కని చూడగానే నవ్వాడు.

"మొదట్నుంచీ నొక్కుతూనే ఉన్నానక్కా. రెండుసార్లు ఇంక చాల్లే అనిపించింది. పైన అక్క ఉంది, వింటూనే ఉంటుందిలే అని మళ్లీ నొక్కాను. విన్నావు కదూ?"

కెప్టెన్ తల పక్కకి తిప్పుకున్నాడు. విన్నానురా అనేస్తే కాదనేవాళ్లు అక్కడ ఎవరూ లేరు. ఆమె వాడి వేలు తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"లేదురా. మూడు గంటలు నాకు వినపడలేదు. నావల్లే."