మంచినీళ్ళు పట్టిన సీసాలు

ఆ రోజు ఇంట్లో ఉన్నది రెబ్కా, ఆమె నాన్న జయరావు, చిన్నాన్న ఊరి నుంచి ముందురోజే వచ్చిన నాయనమ్మ, గుంటూరు నుంచి వచ్చిన నజ్మీన్ మేడమ్, ఆమె జీపు నడిపే కోటేష్. పిన్ని పురిటికి సాయంగా అమ్మ దర్శి వెళ్ళింది.

నజ్మీన్ మూడేళ్ళుగా వాళ్ళ చేలో పరిశోధన చేస్తోంది. ఒక మడిలో ఏటా మిరపే. పక్క మడిలో మిరప వేసిన మరుసటేడు జొన్న, ఆ పై పెసర. ఏ మడి కింద నీళ్ళలోకి ఎరువులు ఎక్కువ దిగుతున్నాయో తేల్చడానికి రెండింటిలోనూ గొట్టాలు దించింది. వాటిలో ఊరిన నీళ్ళు తోడి సీసాలకు పట్టడం రెబ్కా నేర్చుకుంది. మేడమ్ చెప్పేవన్నీ వింటుంది, తిరిగి ఒక్క మాటా అడగదు. "మేడమేంటే, అక్కా అను" అని ఆమె ఎన్నిసార్లన్నా నోరు పెగల్లేదు. ఒంటరిగా ఉన్నప్పుడు మాత్రం మెల్లగా అనుకుని చూసుకునేది.

ఈసారితో తోడటం ఆఖరు. మిరప మోళ్ళతోపాటు గొట్టాలూ పీకేస్తారు. "నువ్వూ రా, మన సీసాలు ల్యాబులో ఏమవుతాయో చూద్దువుగాని. రేపు బస్సెక్కిస్తా" అంది నజ్మీన్. నాన్న సరేనన్నాడు. రెబ్కా క్రిస్మస్ చుడీదార్ వేసుకుంది.

మేడమ్ అన్నం తింటూంటే సీసాల కోసం వసారాలోకి వెళ్ళింది. పొద్దున తోడినప్పుడు మట్టిరంగులో ఉన్న నీళ్ళు ఇప్పుడు తేటగా మెరుస్తున్నాయి.

"నాయనమ్మా, వీటినేం చేశావు?"

"ఏం చేస్తానే? ఇంటికొచ్చిన పిల్లకి ఆ బురదనీళ్ళిచ్చి పంపుతారటే? దారిలో దప్పికైతే తాగొద్దూ? పారబోసి మంచినీళ్ళు పట్టా. క్యాన్ నీళ్ళేలే."

నోరు మెదపకపోతే జీపెక్కొచ్చు. కానీ చివరికి రెండు మడుల నీళ్ళూ ఒకటేనని తేలుతుంది. మేడమ్ ఎండలో తిరిగిన తిరుగుడంతా క్యాన్ నీళ్ళ పాలు.

రెబ్కా వెళ్ళి తల వంచుకుని చెప్పింది. నజ్మీన్ చెయ్యి ముద్ద దగ్గరే ఆగిపోయింది.

"మామ్మగారూ, గుంటూరులో మాకు మంచినీళ్ళు దొరకవనుకున్నారా?" అన్నాడు కోటేష్.

నజ్మీన్ నవ్వలేదు, కోప్పడనూ లేదు. "మళ్ళీ ఊరడానికెంత సేపు?"

"సాయంత్రమవుద్ది మేడమ్" అంది రెబ్కా.

"మిగతా చేల సీసాలు ఈలోగా ల్యాబుకి చేరాలి. జయరావుగారూ, మీరు తోడి పంపగలరా?"

"ఆ సీసాలు కడిగే వరస నాకు తెలవదమ్మా. అంతా మా పిల్లే."

నజ్మీన్ రెబ్కా వైపు చూసింది. "అయితే నువ్వుండాలి. తోడి, ఐసులో పెట్టి, సాయంత్రం బస్సు కండక్టరుకివ్వు. బస్టాండులో నేను తీసుకుంటా."

సీసాలు చీకటిపడ్డాక ఒంటరిగా బస్సులో పోతే ఎవరూ అడ్డం చెప్పరు, తనైతే పోనివ్వరు, అనుకుంది రెబ్కా.

తను కూర్చోవాల్సిన చోట కోటేష్ మిగతా చేల సీసాలున్న ఐసు పెట్టె పెట్టాడు. నజ్మీన్ దాని పక్కన సర్దుకుంది. "నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు" అంది.

"అక్కా" అంది రెబ్కా.

ఇంజను మోతలో ఆమెకు వినపడలేదు. "ఏమన్నావు?"

"ఏం లేదు మేడమ్."

నజ్మీన్ తలుపు లాక్కుని వేసుకుంది.